ఎవరూ చూడనప్పటి చెయ్యి

రాజమండ్రి,
14 జూలై 2003, సోమవారం.

లోవక్కకు,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్న ఏడున్నరకే ఎదురైంది. మా ల్యాబ్ ఇన్‌చార్జి మురళీకృష్ణ గారు నన్ను మెట్ల దగ్గర ఆపి, ల్యాబ్ తాళంచెవి చేతిలో పెట్టారు. "రోజూ నాకన్నా ముందొచ్చి కూర్చుంటున్నావు. ఇకనుంచి నువ్వే తీసెయ్యమ్మా," అన్నారు. మూడో సంవత్సరం వాళ్ళకి తాళంచెవి ఇవ్వడం ఇదే మొదటిసారట. నా రూమ్మేట్ లావణ్య అయితే, "ఇంక హాస్టల్లో నీకు మంచం దండగ, అక్కడే చాప వేసుకో," అంది.

నీకు చెప్పిన ప్రోగ్రాము పూర్తయింది. బొమ్మ ఇస్తే దాన్ని గడులుగా విడగొట్టి, జరీ రావలసిన గడిని నలుపు చేసి, గ్రాఫు కాగితం ప్రింటు తీస్తుంది. మీ చిట్టియ్య గారి మగ్గాల షెడ్డులో గ్రాఫులు గీసే పెద్దాయనకి చూపు తగ్గిందనీ, "మా చెల్లి చేసిపెడుతుందండి" అని నువ్వు మాటిచ్చావనీ రాసినప్పుడు నాకు భయం వేసింది. ఇప్పుడు లేదు. మామిడి పిందె బుటా గ్రాఫు దీనితోపాటే పంపుతున్నాను. వెడల్పు యాభై రెండు గడులు, ఎత్తు నలభై వరసలు.

ఇందులో నేను గర్వపడే సంగతి ఒకటుంది, విను. కంప్యూటరుకు మెదడులాంటిది ప్రాసెసర్. పాత ప్రాసెసర్లు ఒక్కో గడినే తీసి చూస్తాయి. కొత్తవాటికి ఒక్క పట్టులో ఎనిమిది గడులు ఎత్తడం వచ్చు. అన్నిటికీ రాదు కాబట్టి, నా ప్రోగ్రాము మొదలవగానే ప్రాసెసర్‌ని అడుగుతుంది: "నీకు ఎనిమిదేసి ఎత్తడం వచ్చా?" వచ్చు అంటే వేగం దారి పడుతుంది. రాదు అంటే నెమ్మది దారి. రెండు దారులూ నేనే రాశాను. పెద్ద కొంగు డిజైను నెమ్మది దారిలో పావుగంట పడితే, మా ల్యాబ్‌లోకి వచ్చిన కొత్త కంప్యూటరు మీద వేగం దారిలో మూడు నిమిషాలే.

నువ్వు రాసిన పడుగు, పేక, పోగు అన్న మాటల్ని నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. నిలువు దారం పడుగు, అడ్డం దారం పేక అని ఇన్నాళ్ళూ తెలియకుండానే ఉప్పాడలో పెరిగాను చూడు. పోగు అన్న మాట ఎంత సన్నగా ఉందో! పలికితే తెగిపోతుందేమో అనిపిస్తుంది. ఇంకా ఇలాంటివి ఉంటే పంపు.

నీ చెల్లెలు,
రాణి


ఉప్పాడ,
2 ఆగస్టు 2003, శనివారం.

రాణికి,

సముద్రం రోడ్డుని మళ్ళీ కోసేసింది. బస్సు పిఠాపురం మీదుగా తిరిగొస్తోంది, టపా కూడా అంతే. ఇది కొట్టు దగ్గర ఫోన్లో చెప్పే సంగతి కాదు. అక్కడ మాట్లాడేవాళ్ళకన్నా వినేవాళ్ళు ఎక్కువ. అందుకని రాస్తున్నాను.

నీ మామిడి పిందెకి ముల్లు మొలిచింది.

నిన్న చిట్టియ్య గారు నేసిన గుడ్డ విప్పించి చూశారు. ప్రతి పిందెకీ కుడిపక్క, పదకొండో వరస నుంచి పదిహేడో వరస దాకా జరీ బయటికి పొడుచుకొచ్చింది. మొదటి వరసలో రెండు పోగులు, తర్వాత మూడు, ఆ తర్వాత మూడు వరసల్లో నాలుగేసి, తర్వాత మూడు, చివర ఒకటి. ఒక పిందెకి కాదు, నేసిన డెబ్భై రెండింటికీ.

మా పని ఎలా నడుస్తుందో నీకు తెలియదు కదా, చెబుతాను. గ్రాఫు చూసి మగ్గం పైన డిజైను దారాలు కడతాం. నేసేటప్పుడు ఆ దారం లాగితే ఏ పోగులు లేవాలో అవే లేస్తాయి. ఒక్కసారి కట్టామంటే చీరంతా అదే వస్తుంది. ఆ కట్టింది నేను. అవతలి పక్క కూర్చుని నేసేది అచ్చాయమ్మ గారు. కట్టడం అయిపోగానే గ్రాఫు కాగితాన్ని చిట్టియ్య గారే పొయ్యిలో పడేస్తారు. పోయినేడు ఒక డిజైను వారం తిరక్కుండా పక్క షెడ్డులో ప్రత్యక్షమైందని ఆయన పెట్టుకున్న నియమం. కాబట్టి చూపించడానికి కాగితం లేదు, నేను కట్టిన దారాలే ఉన్నాయి.

గ్రాఫులో పిందె పక్కన ఆ నల్ల గడులు ఉన్నాయి. తొడిమేమో అనుకున్నాను. చెల్లి కంప్యూటర్లో గీసింది కదా, గీసిందంటే అర్థం ఉంటుందనుకున్నాను. గ్రాఫులో ఉన్నదే కట్టానని చిట్టియ్య గారితో చెప్పాను.

"వల అల్లినట్టు అల్లావేంటమ్మా?" అన్నారాయన. "వలలో ఒక కన్ను పెద్దదైతే ఒక చేప పోద్ది. చీరలో తేడా వస్తే షెడ్డు పేరు పోద్ది."

"వలలో కూడా మేం కళ్ళు పెద్దవి పెట్టమండి," అన్నాను.

అచ్చాయమ్మ గారు అందుకున్నారు. "చూశారా, తప్పు చేసి మళ్ళీ సమాధానం కూడాను! సముద్రమ్మీదకెళ్ళే వాళ్ళ పిల్లకి మగ్గం ఎందుకండీ అని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

మన పేటలోంచి ఈ మగ్గం ఎక్కినదాన్ని నేనొక్కదాన్నే. నా తర్వాత ఇద్దరు పిల్లలు నేర్చుకుంటామని తిరుగుతున్నారు. అది గుర్తు పెట్టుకుని జవాబు రాయి.

అదే గ్రాఫు మళ్ళీ పంపమన్నారు. పంపు.

లోవలక్ష్మి


రాజమండ్రి,
5 ఆగస్టు 2003, మంగళవారం.

లోవక్కకు,

నీ ఉత్తరం అందిన గంటలో ల్యాబ్‌కి వెళ్ళాను. ఊరికే మళ్ళీ ప్రింటు తీసి పంపితే నీకు గానీ చిట్టియ్య గారికి గానీ నమ్మకం కలగదు. అందుకని ప్రోగ్రామును పరీక్షకు పెట్టాను.

మా దగ్గర ఒక డీబగ్గింగ్ టూలు ఉంది, అంటే తప్పులు పట్టే పనిముట్టు. ఒక పత్రికతో వచ్చిన సీడీలో దొరికింది. ఇది ప్రోగ్రామును నేరుగా ప్రాసెసర్ మీదికి వదలదు. తానే ప్రాసెసర్‌లా నటిస్తూ, ఒక్కో ఆదేశాన్నీ తన చేతుల మీదుగా నడిపించి చూస్తుంది. రాయని చోట చదివినా, తనది కాని చోట రాసినా వెంటనే పట్టుకుంటుంది. మామూలుకన్నా ముప్పై రెట్లు నెమ్మది, కానీ దాని కన్ను తప్పించుకోవడం కష్టమని మురళీకృష్ణ గారు అంటారు.

మామిడి పిందెను దాని కింద మొదటి నుంచి చివరిదాకా నడిపించాను. తప్పులు: సున్నా. ఆ పరీక్షలో వచ్చిన ప్రింటే దీనితో పంపుతున్నాను. పిందె పక్కన ఒక్క నల్ల గడి కూడా లేదు, నువ్వే చూడు. టూలు ఇచ్చిన రిపోర్టు కూడా జతచేశాను. చిట్టియ్య గారికి చూపించు.

అక్కా, కోప్పడకు. యాభై రెండు గడులు, నలభై వరసలు అంటే రెండు వేల ఎనభై గడులు. అన్నేసి గడులు చూసి దారాలు కట్టేటప్పుడు ఎవరి కళ్ళయినా అలుస్తాయి. పక్కనున్న వేరే గ్రాఫు వరసలు ఇందులో కలిసిపోయాయేమో గుర్తు తెచ్చుకో. యంత్రానికి అలసట ఉండదు కదా. ఇది నిన్ను తక్కువ చేసి అంటున్నది కాదు.

ఈ నెల ఇరవై ఐదున నా ప్రాజెక్టు సెమినారు. ఈ సున్నా తప్పుల రిపోర్టు అక్కడ కూడా చూపిస్తాను.

రాణి


ఉప్పాడ,
12 ఆగస్టు 2003, మంగళవారం.

రాణికి,

నీ కాగితాలు అందాయి. చిట్టియ్య గారు చూశారు. గ్రాఫు చాలా శుభ్రంగా ఉందన్నారు.

నాకిప్పుడు తీరిక బాగా దొరుకుతోంది. కండెలకు దారం చుడుతున్నాను. చెయ్యి దాని పని అది చేసుకుంటుంది కాబట్టి ఆలోచించడానికి వీలుంది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మాటలు ఎక్కువ, పోగులు తక్కువ. అయినా ఒక చోట ఆగాను.

ఆ టూలు ప్రోగ్రాము పక్కన కూర్చుని ప్రతిదీ చూస్తుందన్నావు. చిట్టియ్య గారు పక్కన కూర్చుంటే నాది వేరే చెయ్యి. ఆయన ఎదురుగా ఒక్కో పోగూ వేలితో విడదీసి, లెక్కపెట్టి కడతాను. ఆయన లేచి బయటికెళ్ళగానే పిడికిట్లోకి ఎన్ని వస్తే అన్ని తీసుకుంటాను. అందరూ అంతే. అచ్చాయమ్మ గారు కూడా అంతే. ఆయన చూసినప్పుడు కట్టిన వరసల్లో తప్పు ఇంతవరకూ ఎప్పుడూ దొరకలేదు. ఉంటే గింటే ఆయన లేనప్పుడు కట్టిన వాటిలోనే ఉంటుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

నీ ప్రోగ్రాముకు రెండు దారులున్నాయని జూలైలో నువ్వే రాశావు. ఎనిమిదేసి పట్టే చెయ్యి ఒకటి, ఒక్కోటి తీసే చెయ్యి ఒకటి. ఆ టూలు ఎదురుగా కూర్చున్నప్పుడు నీ ప్రోగ్రాము ఏ చేత్తో పని చేసిందో అడిగావా?

మాటలు పంపమన్నావు కదా, ఒకటి పంపుతున్నాను. పడుగులో పోగు తెగితే రెండు కొసలూ కలిపి నలిపి అతికిస్తాం. దాన్ని అతుకు అంటాం. సరిగ్గా అతికితే చేత్తో తడిమినా తెలియదు.

లోవలక్ష్మి


రాజమండ్రి,
20 ఆగస్టు 2003, బుధవారం.

లోవక్కకు,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. ఇక్కడ గోదావరికి కొత్త నీరు వచ్చింది. నీళ్ళ రంగుకి మాట వెతుకుతున్నాను. ఎరుపు అంటే ఎక్కువ, పసుపు అంటే తక్కువ. లావణ్య "టీ రంగు" అంది. నాకు నచ్చలేదు గాని అంతకన్నా మంచిది దొరకలేదు.

నువ్వడిగిన ప్రశ్న మంచిది. దాని మీదే పని చేస్తున్నాను. సోమవారం సెమినారు ఉంది, అది కాగానే అంతా వివరంగా రాస్తాను.

నువ్వు కండెలు ఎందుకు చుడుతున్నావు? అది నేర్చుకునే పిల్లలు చేసే పని అని నువ్వే ఒకసారి చెప్పినట్టు గుర్తు.

రాణి


ఉప్పాడ,
23 ఆగస్టు 2003, శనివారం.

రాణికి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు పంపిన రెండో గ్రాఫు వచ్చిన రోజునే నన్ను మగ్గం దింపారు. చిట్టియ్య గారు గట్టిగా ఏమీ అనలేదు. ఆ కాగితాన్ని, నేసిన గుడ్డని పక్కపక్కన పరిచి చూపించారు. కాగితం మీద ముల్లు లేదు, గుడ్డ మీద ఉంది. "చూడమ్మా, మీ చెల్లెలే కదా పంపింది," అన్నారు. సున్నా అని రాసిన కాగితాన్ని గోడకి అంటించారు. రోజూ దాని కిందే కూర్చుని కండెలు చుడుతున్నాను.

నా చోట్లో ఇప్పుడు వెంకటదుర్గ కూర్చుంటోంది. మంచి పిల్లే. తిట్టడానికి కూడా లేదు.

వినాయక చవితి వెళ్ళిన మర్నాడు, సోమవారం, కొత్త పడుగు ఎక్కిస్తారు. పడుగు ఎక్కేటప్పుడు ఎవరు కూర్చుంటే ఏడాదంతా ఆ మగ్గం వాళ్ళదే. ఇక్కడి పద్ధతి అది. నేర్చుకుంటామని తిరిగిన మన పేట పిల్లలిద్దరూ ఇటువైపు రావడం మానేశారు.

ఇదంతా ముందు ఉత్తరంలో ఎందుకు రాయలేదంటావేమో. నీ సెమినారు పాడవుతుందని రాయలేదు.

నువ్వు దేని మీద పని చేస్తున్నావో తెలియదు. మొన్న నీళ్ళ రంగు గురించి రాశావు. నీకు తెలిసిన సంగతేదో రాయకుండా ఆపినట్టు అనిపించింది. కాకపోతే సరే.

లోవలక్ష్మి


రాజమండ్రి,
26 ఆగస్టు 2003, మంగళవారం.

లోవక్కకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం, సెమినారు నుంచి వచ్చాక చదివాను. నువ్వనుకున్నది నిజం. నాకు తెలుసు. ఈ నెల పద్దెనిమిదినే తెలిసింది. ఇరవైన నీకు ఉత్తరం రాసేనాటికి అంతా తెలుసు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వడిగిన ప్రశ్ననే ప్రోగ్రాములో పెట్టాను. ఏ దారి పట్టిందో తెర మీద చూపించమని ఒక్క వాక్యం చేర్చాను. మామూలుగా నడిపితే "వేగం దారి" అని వచ్చింది. టూలు కింద నడిపితే "నెమ్మది దారి" అని వచ్చింది. కారణం కష్టమైనదేమీ కాదు. టూలు కింద ఉన్నప్పుడు నా ప్రోగ్రాము అసలు ప్రాసెసర్‌తో మాట్లాడదు, ప్రాసెసర్‌లా నటిస్తున్న టూలుతో మాట్లాడుతుంది. "నీకు ఎనిమిదేసి ఎత్తడం వచ్చా?" అని అడిగితే, ఆ టూలుకి అది రాదు కాబట్టి, రాదనే చెప్పింది. దాంతో నా ప్రోగ్రాము ఒక్కో గడీ తీసుకుంటూ నెమ్మది దారిన వెళ్ళింది. ఆ దారిలో తప్పు లేదు. సున్నా అన్నది ఆ దారి సంగతి. నీకు మొదట పంపిన గ్రాఫు వేగం దారిలో వచ్చింది. ఆ దారిని టూలు ఒక్కసారి కూడా చూడలేదు.

టూలు ఏమన్నా సరే వేగం దారే పట్టమని ప్రోగ్రామును బలవంతపెట్టాను. టూలు "ఈ ఆదేశం నాకు తెలియదు" అని అక్కడికక్కడే ఆగిపోయింది. తర్వాత ఇంకో పద్ధతి తోచింది. టూలుకి తెలిసిన మామూలు ఆదేశాలతోనే, అచ్చం వేగం దారిలాగే ఎనిమిదేసి గడులు తీసుకునేలా ఇంకోసారి రాశాను. ఈసారి వెంటనే పట్టుకుంది. "నువ్వేమీ రాయని నాలుగు గడుల్ని చదువుతున్నావు," అంది.

యాభై రెండులో ఆరు ఎనిమిదులు పోతే నాలుగు మిగులుతాయి. ఆ నాలుగింటి కోసం కూడా నా వేగం దారి ఎనిమిదీ ఎత్తింది. అంచు దాటి ఇంకో నాలుగు గడులు లాక్కొచ్చింది. ప్రోగ్రాము తెరవగానే నమూనాగా ఒక తామర పువ్వు బొమ్మ వస్తుంది. దాన్ని మూసి మామిడి పిందె తెరిస్తే, పిందె అదే చోట కూర్చుంటుంది. అంచు అవతలి నాలుగు గడుల్లో పాత తామర రేకు ముక్క చెరగకుండా మిగిలి ఉంది. పిందె పక్కన నీకు కనిపించింది అదే.

నీ ఆగస్టు రెండో తేదీ ఉత్తరం తీసి పక్కన పెట్టుకుని వేగం దారి ప్రింటు చూశాను. పదకొండో వరసలో రెండు, తర్వాత మూడు, మూడు వరసల్లో నాలుగేసి, తర్వాత మూడు, పదిహేడో వరసలో ఒకటి. ఒక్క పోగు తేడా లేదు. నేను పంపింది పంపినట్టే నువ్వు కట్టావు. కళ్ళు అలిసి ఉంటాయని రాసింది నేను.

ఇదంతా పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నానికి తెలిసిపోయింది. నీకు రాయలేదు. సెమినారులో చూపించే రిపోర్టు మొదటి పేజీ మీద "తప్పులు: సున్నా" అని పెద్ద అక్షరాలతో ఉంది. అది తీసేస్తే చూపించడానికి ఏమీ మిగలదనుకున్నాను. వారం ఆలస్యమైతే చీరకేమీ కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు మగ్గం దిగావని నాకు తెలియదు. తెలిసి ఉంటే రాసేదాన్నా అని నిన్నటినుంచి నన్ను నేనే అడుగుతున్నాను. రాసేదాన్ననే అనుకుంటున్నాను. ఖచ్చితంగా చెప్పలేను.

నిన్న సెమినారులో సున్నా చూపించాను. అందరూ బాగుందన్నారు. ఏ దారిలో పరీక్షించావని ఎవరూ అడగలేదు. ఈ రోజు పొద్దున్న మురళీకృష్ణ గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన కాగితాలన్నీ తిరగేసి, "టూలు అబద్ధం చెప్పలేదమ్మా. నువ్వు చూపించిన దారి గురించే చెప్పింది. చూపించని దారికి కూడా ఆ సున్నాను నువ్వు అంటించావు," అన్నారు. నిన్న వేసిన మార్కులు కొట్టేశారు. సెప్టెంబరులో మళ్ళీ సెమినారు ఇవ్వమన్నారు.

"ఇది మొదట కనిపెట్టిందెవరు?" అని కూడా అడిగారు. ఉప్పాడలో మా అక్క అని చెప్పాను. "ఆవిడ ఏం చేస్తుంటారు?" అన్నారు. నేత నేస్తారని చెప్పాను. కండెలని చెప్పలేదు.

మూడు గ్రాఫులు పంపుతున్నాను. మూడింటి పైనా పేర్లు రాశాను. మొదటిది ముల్లుతో ఉన్నది, జూలైలో నీకు వచ్చినది అదే. రెండోది నెమ్మది దారిది. మూడోది బాగుచేసిన వేగం దారిది. చివరి నాలుగు గడుల్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా తీసుకుంటుంది. రెండోదీ మూడోదీ గడికి గడి ఒకటేనని కంప్యూటరుతోనూ, పెన్సిలుతోనూ సరిచూశాను. చిట్టియ్య గారికి వేరే ఉత్తరం పెట్టాను. తప్పు నాది అని మొదటి వాక్యంలోనే ఉంది. గోడమీది కాగితం తీయించమని కూడా రాశాను.

రాణి


ఉప్పాడ,
31 ఆగస్టు 2003, ఆదివారం.

రాణికి,

నీ కవరు గురువారం వచ్చింది. శుక్రవారం షెడ్డుకి పట్టుకెళ్ళాను. చిట్టియ్య గారికి నువ్వు రాసిన ఉత్తరాన్ని నేను విప్పలేదు. ఆయనే విప్పి, అందరూ వినేలా పైకి చదివారు. చదువుతూ మధ్యలో రెండుసార్లు ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఏడుపు కాదులే, ఉక్కపోత.

తర్వాత ముల్లు గుడ్డ తెప్పించి, నీ మొదటి కాగితం పక్కన పరిచారు. సూదితో పోగులు లెక్కపెట్టారు. ఒక పిందెతో ఆపుతారనుకున్నాను. తొమ్మిదింటిని లెక్కపెట్టారు. అయ్యాక, "తప్పుని కూడా తప్పు లేకుండా కట్టావు కదమ్మా," అన్నారు.

అచ్చాయమ్మ గారు ఊరుకుంటారా? "అంత బుద్ధిమంతురాలైతే ఎలాగే? పిందె పక్కన ముల్లు కనబడితే ఇదేంటని ఒక్క మాట అడగొద్దూ!" అన్నారు.

ఆ మాట నిజం. తొడిమేమో అనుకుని అడక్కుండా కట్టడం నా తప్పు. అదే ఆవిడతో చెప్పాను. ఆవిడ లేచి, తాగమని మజ్జిగ ఇచ్చారు.

గోడమీది కాగితం చిట్టియ్య గారు తీసేశారు. దాని వెనక చీమలు పుట్ట పెట్టాయి. వెంకటదుర్గకి కిటికీ దగ్గరి మగ్గం ఇస్తున్నారు, దానికి అదే ఇష్టమట. ఇకమీదట బుటా ఒకటి నేసి సరిచూసుకునేదాకా గ్రాఫుని పొయ్యిలో పడేయొద్దని అడిగాను. పెట్టెలో పెట్టి తాళం వేస్తానన్నారు.

చివర్లో ఒక మాట అన్నారు. "సోమవారం పడుగు ఎక్కుద్ది. నువ్వే కట్టు. కాకపోతే నేను పక్కన కూర్చుంటాను."

"వద్దండి," అన్నాను. "మీరు పక్కనుంటే ఒక్కో పోగూ లెక్కపెట్టి కడతాను. అది చూసి మీకేం తెలుస్తుంది? మీరు రాకముందు కడతాను. తర్వాత వచ్చి చూసుకోండి."

ఆయన నా వైపు తిరిగి, "తప్పొస్తే?" అన్నారు.

"తప్పొస్తే దిగిపోతానండి. మీరు చెప్పక్కర్లేదు."

సరేనన్నారు.

నీ ఎనిమిది రోజుల గురించి. పద్దెనిమిది నుంచి ఇరవై ఆరు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టాను. కోపం వచ్చింది. ఇంకా ఉంది. నువ్వే చెప్పావు కాబట్టి దాన్ని పెంచను. తగ్గిందని అబద్ధం కూడా రాయను. ఈ మధ్య మన ఇద్దరి దగ్గరా రాయకుండా దాచుకోవడం ఎక్కువైంది. నీ సెప్టెంబరు సెమినారుకి నేనొస్తాను. ఒక రోజు సెలవు అడిగాను. వెనక కూర్చుంటాను. ఏ దారిలో పరీక్షించావని ఎవరూ అడక్కపోతే నేనే అడుగుతాను. సిద్ధంగా ఉండు.

నెమ్మది దారి కాగితం కట్టుకో, నీకు అదే మంచిదని అచ్చాయమ్మ గారన్నారు. నేను బాగుచేసిన వేగం దారి కాగితమే తీసుకున్నాను. ఈ రోజు పూజ అయ్యాక దాన్ని చాప మీద పరిచి మూడుసార్లు చూశాను. అడగాల్సిందేమీ కనిపించలేదు. కనిపించి ఉంటే ఇందులో రాసేదాన్ని.

చిట్టియ్య గారు ఎనిమిదింటికి వస్తారు. షెడ్డు తాళం అచ్చాయమ్మ గారింట్లో ఉంటుంది. రేపు పొద్దున్న ఐదున్నరకి వెళ్ళి తీసుకుంటాను. ఆరు కొట్టేసరికి మొదటి వరస మొదలుపెట్టి, పిడికిట్లోకి ఎన్ని పోగులొస్తే అన్ని తీసుకుంటూ కట్టుకుపోతాను. ఆయన వచ్చేసరికి పదిహేడో వరస దాటి ఉండాలి.

లోవక్క